పాఠకుల ప్రశ్నలు: ‘ఆసమ్’ అంటే మెచ్చుకోలా, భయమా?

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే ఇంగ్లిష్ మాట చుట్టూ తిరిగాయి. అందుకే పేజీ మొత్తం ఆ మాటకే ఇస్తున్నాం.

ప్రశ్న: మా దోస్తులు మిర్చి బజ్జీ తిన్నా ‘ఆసమ్’ అంటరు, కొత్త డ్రెస్ చూసినా ‘ఆసమ్’ అంటరు. నిఘంటువు తెరిస్తే ‘భయభక్తులు కలిగించే’ అని ఉన్నది. బజ్జీ మీద భయభక్తులేంది? ఎవరిది కరెక్టు?
– డిగ్రీ విద్యార్థిని, దేవరకొండ

జవాబు: ఇద్దరిదీ కరెక్టే. నిఘంటువు పాత అర్థం చెప్పింది, మీ దోస్తులు కొత్త అర్థంలో వాడుతున్నారు.

ఈ మాటలో రెండు ముక్కలున్నాయి. మొదటిది ‘ఆ’. ఇంగ్లిష్‌లో ఎ, డబ్ల్యు, ఇ అని మూడక్షరాలు రాస్తారు. స్కాండినేవియా వైపు నుంచి, పాత నార్స్ భాష నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. అక్కడ దాని అర్థం భయమే, ఇంకేమీ కాదు. తర్వాత దేవుడి ముందు, రాజు ముందు, ఉరిమే ఆకాశం కింద మనిషికి కలిగే భయానికి ఆ మాట వాడడంతో అందులో గౌరవం, ఆశ్చర్యం కూడా కలిశాయి. రెండో ముక్క ‘సమ్’. ఇది ‘కొన్ని’ అనే అర్థమిచ్చే సమ్ కాదు, ‘కలిగించే’ అనే అర్థమిచ్చే ప్రత్యయం. ‘ట్రబుల్‌సమ్’ అంటే ఇబ్బంది పెట్టేది, ‘టైర్‌సమ్’ అంటే విసుగెత్తించేది. ఆ లెక్కన ‘ఆసమ్’ అంటే జంకు పుట్టించేది.

మీకు దగ్గరున్న ఉదాహరణే చెప్తాం. నాగార్జునసాగర్‌కు వరద బాగా వచ్చి 26 గేట్లూ ఎత్తిన రోజున కింది వైపు నిలబడి చూడండి. తెల్లగా విరిగిపడే నీళ్లు, మొహానికి కొట్టే తుంపర, పక్కనున్న మనిషి మాట కూడా వినపడనంత మోత. చూపు తిప్పుకోబుద్ధి కాదు, రెయిలింగ్ మీద చెయ్యి మాత్రం గట్టిగా బిగుసుకుంటుంది. ఆ రెండూ ఒకేసారి కలిగితే అది పాత ‘ఆసమ్’.

16వ శతాబ్దం చివర మాట పుట్టినప్పుడు దీన్ని భయపడే మనిషికి చెప్పేవారు. తర్వాత భయపెట్టే వస్తువుకు మారింది. 20వ శతాబ్దం రెండో సగంలో అమెరికా కుర్రకారు దీన్ని ‘భలే’ అనే అర్థంలోకి లాగారు. 1980లలో అది లోకమంతా పాకింది. బజ్జీ దాకా అట్లా వచ్చింది.

ఇది వింతేమీ కాదు. మన దగ్గర ‘ఖతర్నాక్’ ఏం చేసిందో చూడండి. ఉర్దూలో ఖతర్ అంటే ప్రమాదం, ‘నాక్’ అంటే నిండిన, కలిగిన. కరెంటు స్తంభానికి రాయాల్సిన మాట అది. మహబూబ్‌నగర్ బస్టాండ్ దగ్గర ఏ పిల్లగాడినైనా బిర్యానీ ఎట్లున్నదని అడిగితే ‘ఖతర్నాకున్నది’ అంటాడు. ముక్కకు ముక్క పోల్చినా సరిపోతుంది: అక్కడ భయం, ‘సమ్’. ఇక్కడ ప్రమాదం, ‘నాక్’. రెండూ భయంలో పుట్టి మెచ్చుకోలు దగ్గర తేలాయి. ‘అదిరింది’ కూడా అంతే. గుండె అదరడం, భూమి అదరడం భయానికి గుర్తులే కదా.

చదివేటప్పుడు ఏ అర్థమో పోల్చుకోవడానికి పక్కనున్న నామవాచకం చూడండి. తుపాను, అగ్నిపర్వతం, అణ్వాయుధం, దేవుడు లాంటివి ఉంటే పాత అర్థం. ‘ది ఆసమ్ పవర్ ఆఫ్ ఎ సైక్లోన్’ అనేది తుపానుకు పొగడ్త కాదు, దాని భయంకర శక్తి గురించిన మాట. ‘యాన్ ఆసమ్ రెస్పాన్సిబిలిటీ’ అన్నా అంతే. ‘సూపర్ బాధ్యత’ అని అనువాదం చేస్తే తప్పు. మోయడానికి జంకు పుట్టేంత బరువైన బాధ్యత అని చెప్పాలి. తిండి, బట్ట, ఫోను, సెలవు, సినిమా పక్కనుంటే కొత్త అర్థం.

మీరు రాసేటప్పుడు పాత అర్థమే కావాలనుకోండి, ఒట్టి ‘ఆసమ్’ మీద ఆధారపడకండి. చదివేవాళ్లు బజ్జీ అర్థమే తీసుకుంటారు. ‘ఆ-ఇన్‌స్పైరింగ్’ అని రాయండి. అది ఇంకా బరువు కోల్పోలేదు. ఆ భావం కలిగిన మనిషి గురించైతే ‘ఆ-స్ట్రక్’. చూసినది ఇన్‌స్పైరింగ్, చూసినవాడు స్ట్రక్. ఈ రెండూ తారుమారు కాకూడదు.

ప్రశ్న: మా స్కూల్లో వీడ్కోలు రోజున ఒక పిల్లవాడు గ్రీటింగ్ కార్డు మీద ‘యు ఆర్ యాన్ ఆఫుల్ టీచర్’ అని రాసిచ్చాడు. ‘ఆ’ నిండిన టీచర్ అంటే మంచిదే అనుకున్నానని అంటున్నాడు. వాడికి ఏమని చెప్పాలి?
– ఉపాధ్యాయుడు, నల్లగొండ

జవాబు: ముందుగా వాడి బుర్రను మెచ్చుకోండి. వాడి లెక్క తప్పు కాదు, మాటే దారి తప్పింది.

‘ఆఫుల్’ నిజంగానే ‘ఆ’ నిండినది. 1300 ప్రాంతం నుంచీ ఉంది, అంటే ‘ఆసమ్’ కంటే పెద్దది. ఒకప్పుడు రెంటికీ దాదాపు ఒకే అర్థం. తర్వాత ఒక్కటి భయంలోంచి ఆశ్చర్యం వైపు పోయింది, రెండోది భయంలోంచి అసహ్యం వైపు. ఈ రోజు ‘ఆఫుల్ టీచర్’ అంటే పరమ చెత్త టీచర్. వేరే అర్థం లేదు.

ఇట్లాంటి జంట ఇంకొకటి కూడా ఉంది. ‘టెర్రిబుల్’, ‘టెర్రిఫిక్’ రెండూ లాటిన్‌లో భయపెట్టడం అనే ధాతువు నుంచే వచ్చాయి. టెర్రిబుల్ చెడ్డగా మిగిలింది. టెర్రిఫిక్ 17వ శతాబ్దంలో భయానకమే, 19వ శతాబ్దం చివరికి ‘బ్రహ్మాండం’ అయింది. అయితే దీన్ని చూసి చివర ‘ఇఫిక్’ ఉంటే మంచిదని పిల్లలు సూత్రం కట్టుకుంటారు, అక్కడ ఆపండి. ‘హారిఫిక్’ ఇప్పటికీ ఘోరమే. ఇక్కడ సూత్రాలేవీ పనిచేయవు, ఒక్కో మాటనూ విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

స్పెల్లింగ్ దగ్గర కూడా ఒక మెలిక ఉంది. ‘ఆఫుల్’లో డబ్ల్యు తర్వాత ‘ఇ’ ఎగిరిపోతుంది. ‘ఆసమ్’లో ఉంటుంది. ఆఫుల్ అలవాటైన పిల్లలు ఆసమ్‌లోనూ ‘ఇ’ తీసేస్తారు. ఎ, డబ్ల్యు, ఇ, ఎస్, ఓ, ఎమ్, ఇ: ఏడు అక్షరాలు, రెండుసార్లు ‘ఇ’. ఫోన్లో ఎ, డబ్ల్యు కొట్టగానే పైన రెండు మాటలూ సలహాగా వస్తాయి, తొందరలో వేలు ఆఫుల్ మీద పడుతుంది. పెద్దవాళ్లకు పంపేముందు ఆ ఒక్క మాటా మళ్లీ చూసుకోవాలి.

వాడు గనక ‘ఆఫుల్లీ గుడ్’ అని పుస్తకంలో చూశానని ఎదురు వాదిస్తే, అదీ నిజమే. క్రియా విశేషణంగా మారినప్పుడు చెడ్డతనం పోయి ‘చాలా’ అనే అర్థం మిగిలింది. ‘యాన్ ఆఫుల్ లాట్’ అన్నా బోలెడంత అనే. మనం ‘ఘోరంగా ఆకలైతుంది’ అంటే అక్కడ ఘోరమేమీ జరగదు కదా, అట్లా.

ప్రశ్న: ‘వెరీ ఆసమ్’ తప్పని ఒక కోచింగ్‌లో చెప్పారు. కానీ నెట్‌లో కనపడుతోంది. ‘మోర్ ఆసమ్’ ఉంటుందా?
– పోటీ పరీక్షల అభ్యర్థి, వనపర్తి

జవాబు: పరీక్షలో తప్పు, మాటల్లో వినపడుతుంది.

ఇంగ్లిష్ విశేషణాల్లో రెండు జాతులున్నాయి. గుడ్, బిగ్, టైర్డ్ లాంటివాటికి మెట్లుంటాయి: కొంచెం, చాలా, మరీ. వీటి ముందు ‘వెరీ’ పెట్టొచ్చు. ఎక్సలెంట్, ఎనార్మస్, ఎగ్జాస్టెడ్, ఆసమ్ లాంటివి ముందే పై మెట్టు మీద కూర్చున్నాయి. వాటిలో ‘చాలా’ ఇమిడే ఉంది. ‘చాలా అత్యుత్తమం’ అంటే ఎట్లా ఉంటుందో ‘వెరీ ఎక్సలెంట్’ అట్లా ఉంటుంది. బలం పెంచాలంటే ‘అబ్సల్యూట్లీ’, ‘రియల్లీ’, ‘టోటల్లీ’ వాడండి. ‘సో ఆసమ్’ మాత్రం మాటల్లో బాగా చెల్లుతుంది.

‘మోర్ ఆసమ్’, ‘మోస్ట్ ఆసమ్’ సరదా మాటల్లో ఉంటాయి. పోల్చాలనుకున్నప్పుడు ‘ఈవెన్ బెటర్’ అంటే సాఫీగా ఉంటుంది. ‘ఆసమెస్ట్’ అనేది చిన్నపిల్లల మాట, పరీక్షలో రాయకండి.

ఇంకో మూడు చోట్ల మార్కులు పోతాయి. ఒకటి, ఆర్టికల్. అచ్చు శబ్దంతో మొదలవుతుంది కాబట్టి ముందు ‘యాన్’ రావాలి: ‘వాట్ యాన్ ఆసమ్ వ్యూ’. కానీ వెదర్, మ్యూజిక్ లాంటి లెక్కపెట్టలేని నామవాచకాలకు ఆర్టికలే అక్కర్లేదు: ‘వాట్ ఆసమ్ వెదర్’. రెండు, ‘షి సాంగ్ ఆసమ్’ తప్పు, ఎందుకంటే క్రియను వర్ణించాలంటే క్రియా విశేషణం కావాలి. ‘ఆసమ్లీ’ అని మాట ఉంది గానీ వినడానికి గరుకుగా ఉంటుంది. ‘హర్ సింగింగ్ వాజ్ ఆసమ్’ అనో, ‘షి సాంగ్ బ్యూటిఫుల్లీ’ అనో తిప్పి రాయండి. మూడు, ‘క్వైట్’. బ్రిటిష్ వాడుకలో ‘క్వైట్ ఎక్సలెంట్’ అంటే పూర్తిగా బాగుందని. కానీ ‘క్వైట్ గుడ్’ అంటే పర్వాలేదు, ఫర్లేదు అన్నట్టు. అక్కడి ప్రొఫెసర్ మీ పనిని ‘క్వైట్ గుడ్’ అంటే స్వీట్లు పంచకండి, దిద్దాల్సింది ఏముందో అడగండి.

ప్రశ్న: సూర్యాపేటలో ఇంటి నుంచే అమెరికా ప్రాజెక్టుకు పనిచేస్తున్న. అక్కడి మేనేజర్ నేను ఏం చెప్పినా ‘ఆసమ్’ అనేది. ఏడాది చివర రేటింగ్ మాత్రం మధ్య రకం ఇచ్చింది. ఆమె అబద్ధమాడినట్టా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: ఆడలేదు. ఆమె ‘ఆసమ్’ను మీరు పొగడ్త అనుకున్నారు, అది ‘సరే’.

అమెరికా ఆఫీసు మాటల్లో ఆసమ్, గ్రేట్, పర్ఫెక్ట్ అనేవి చాలాసార్లు ‘మీ మాట అందింది, ముందుకు పోదాం’ అనే సూచనలు మాత్రమే. సాయంత్రం అయిదింటికి ఫైల్ పంపుతానని మీరంటే ఆమె ‘ఆసమ్’ అంది. ఫైల్ ఇంకా ఆమె చూడనే లేదు, అందులో మెచ్చుకోవడానికి ఏముంది? మనం ఫోన్లో ‘ఆఁ మంచిది, మంచిది’ అంటాం చూడండి, అదే.

నిజమైన మెచ్చుకోలును రెండు గుర్తులతో పట్టొచ్చు. మాట తర్వాత కారణం వస్తుంది: ఫలానా టేబుల్ మీరు విడగొట్టిన తీరు వల్ల రిపోర్టు తొందరగా వచ్చింది, ఇట్లా. రెండోది, మీరు లేనిచోట, మీ పై అధికారికి రాసిన మెయిల్లో అది ఉంటుంది. కారణం లేని ‘ఆసమ్’ వినపడితే వెంటనే నెమ్మదిగా ఒక ప్రశ్న వేయండి: ఇందులో ఏది బాగా పనికొచ్చింది, ఏది మార్చాలి? జవాబులో వివరం వస్తే రాసి పెట్టుకోండి, రేటింగ్ మాట్లాడేటప్పుడు అక్కరకొస్తుంది.

మీరు కూడా ఇదే మాటను జవాబుగా వాడొచ్చు, కానీ చెడు కబురు మీద పడకుండా చూసుకోండి. సర్వర్ ఆగిపోయిందని ఎవరో చెప్తే అలవాటుగా ‘ఆసమ్’ అన్నారనుకోండి, అది వెటకారమవుతుంది.

ప్రశ్న: గద్వాల చీరల ఫొటోలు నెట్‌లో పెడుతుంటాం. ప్రతి ఫొటో కింద ‘ఆసమ్ శారీ’ అనే రాస్తున్నాం. వేరే మంచి మాటలు చెప్పండి.
– చీరల వ్యాపారి, గద్వాల

జవాబు: ‘ఆసమ్’ అన్నిటికీ సరిపోతుంది కాబట్టే చీరను అమ్మిపెట్టదు. కొనేవాళ్లకు ఆ మాటలో రంగు కనపడదు, నేత కనపడదు.

కళ్లకు నిండుగా, పెళ్లిలో పదిమందిలో నిలబడే చీరకు ‘గార్జియస్’. తక్కువ రంగులు, సన్నంచు, ఆఫీసుకైనా కట్టుకోగల హుందాతనానికి ‘ఎలిగెంట్’. దగ్గరగా చూస్తే గాని తెలియని సన్నపనికి ‘ఎక్స్‌క్విజిట్’. ఈ మూడో మాటే మీ చీరకు అసలైన మాట. నూలు ఒంటికి పట్టంచు, పట్టుకొంగు కలిపిన చోటు వేలితో తడిమితేనే తెలుస్తుంది, దూరం నుంచి తెలియదు. అంచు మలుపు దగ్గర ఒక ఫొటో తీసి ‘ఎక్స్‌క్విజిట్ బార్డర్’ అని పెట్టండి. మొత్తం చీర ఫొటో కింద అదే మాట పెడితే అతకదు. పొరపాటున ‘హ్యాండ్‌సమ్ శారీ’ అనకండి. అది మగవాళ్లకూ, దండి మొత్తానికీ ఎక్కువగా నప్పుతుంది: ‘ఎ హ్యాండ్‌సమ్ అమౌంట్’.

ఇక విశేషణం ఒక్కటే చాలు. ‘ఆసమ్ బ్యూటిఫుల్ గార్జియస్ శారీ’ అని మూడూ పేర్చితే ఒకదాన్ని ఇంకోటి మింగేస్తుంది. మిగిలిన చోటులో పొడవు, బ్లౌజు ముక్క ఉందా లేదా, ఉతికే తీరు రాయండి. ఆడవాళ్లు వెతికేది అవే.

ప్రశ్న: దీన్ని ‘అవెసమ్’ అనాలా, ‘ఔసమ్’ అనాలా?
– పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: రెండూ కాదు. ‘డాక్టర్’, ‘ఆఫీస్’ అని మనం రాసి, నోరు కొంచెం గుండ్రంగా చేసి పలుకుతామే, ఆ అచ్చు. ఆకు, ఓటు మధ్యలో ఉంటుంది. బ్రిటన్‌లో ‘ఓ’ వైపు మొగ్గుతుంది, అమెరికాలో చాలామంది నోట ‘ఆ’ వైపు. ఊనిక మొదటి అక్షరం మీద, ‘సమ్’ను తేలిగ్గా వదిలేయాలి. ‘సోమ్’ అని సాగదీయకండి.

ప్రశ్న: మా చర్చిలో ఇంగ్లిష్ పాటల్లో దేవుణ్ని ‘ఆసమ్’ అంటున్నారు. పెద్దవాళ్లు, దేవుణ్ని కుర్రమాటతో పిలుస్తారా అని గునుస్తున్నారు.
– యువతి, జడ్చర్ల

జవాబు: పెద్దవాళ్లకు తేలిగ్గా చెప్పొచ్చు. కుర్రవాళ్లు దేవుడి దగ్గరి మాటనే ఎత్తుకుపోయారు, అటు నుంచి ఇటు రాలేదు. యాకోబు కలలో నిచ్చెన చూసి లేచిన ఘట్టంలో, 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో ఆ చోటు ‘డ్రెడ్‌ఫుల్’ అని ఉంటుంది. ఈ కాలపు న్యూ ఇంటర్నేషనల్ అనువాదంలో అదే చోట ‘ఆసమ్’ వేశారు. తెలుగు బైబిలులో ‘భయంకరము’ అనే ఉంది. మూడూ ఒకే భావం.

ప్రశ్న: ఉద్యోగ దరఖాస్తులో ‘ఐ హావ్ ఆసమ్ కమ్యూనికేషన్ స్కిల్స్’ అని రాశాను. స్నేహితుడు ‘అడ్మైరబుల్’ అని మార్చమన్నాడు. ఏది మంచిది?
– నిరుద్యోగి, నాగర్‌కర్నూల్

జవాబు: రెండూ తీసేయండి. రెండూ ఇంకొకరు మన గురించి అనాల్సినవి. మనమే అనుకుంటే స్వోత్కర్ష. ‘హౌ ఆర్ యూ’ అని ఇంటర్వ్యూలో అడిగితే ‘ఐ యామ్ ఆసమ్’ అనడమూ అంతే. ‘ఐ యామ్ డూయింగ్ వెల్, థాంక్యూ’ చాలు. స్కిల్స్ దగ్గర విశేషణం బదులు పని రాయండి: ఎన్ని నెలలు, ఏ కౌంటర్లో, ఏ భాషల్లో, రోజుకు ఎంతమందితో మాట్లాడారో. అంకె ఉన్న వాక్యానికి విశేషణం అక్కర్లేదు.

మీ స్నేహితుడికి ఇంకో సంగతి చెప్పండి. ఆ మాట ‘అడ్మైరబుల్’ కాదు. క్రియ ‘అడ్మైర్’ అయినా విశేషణంలో ఊనిక మొదటి అక్షరం మీదికి జరుగుతుంది, మధ్య అచ్చు కుంచించుకుపోతుంది: ‘అడ్‌మిరబుల్’. ‘కంపేర్’ నుంచి వచ్చే ‘కాంపరబుల్’ కూడా ఇదే దారి.

అర్థంలోనూ తేడా ఉంది. ‘ఆసమ్’ చూసేవాడి గుండెకు సంబంధించినది. ‘అడ్‌మిరబుల్’ చేసినవాడి నడవడికి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే భూమి అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చారు. దాన్ని వ్యాసంలో ‘ఆసమ్ డొనేషన్’ అంటే తేలిపోతుంది, ‘అడ్‌మిరబుల్’ అంటే నిలబడుతుంది. పిల్లలమర్రి ఊడలను చూసి మాత్రం ‘అడ్‌మిరబుల్’ అనరు. చెట్టు మంచి పని చేయాలనుకుని పెరగలేదు కదా.

ప్రశ్న: అనువాదం చేసేటప్పుడు ప్రతిచోటా ‘అద్భుతం’ అనే రాస్తున్నాను. సరేనా?
– పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: సగం చోట్ల సరే. మన అలంకారశాస్త్రంలో అద్భుతానికి మూలం విస్మయం, భయానకానికి మూలం భయం. ఆ రెండు గదుల మధ్య గోడ ఉంది. పాత ‘ఆసమ్’ ఆ గోడ మీద కూర్చున్నది. దానికి ‘ఒళ్లు జలదరించే’, ‘జంకు పుట్టించే’, ‘విస్మయం గొలిపే’ లాంటివి వాడండి. కొత్త ‘ఆసమ్’ పాత్ర నోటి నుంచి వస్తే ఆ పాత్ర ఏ ఊరిదో చూడండి. కుర్రాడైతే ‘అదిరింది’, మన దిక్కు పిల్లైతే ‘మస్తున్నది’, ‘జబర్దస్తున్నది’, నడివయసు ఆమె అయితే ‘భలే ఉంది’. ఆఫీసు ‘ఆసమ్’ అయితే ‘సరే, మంచిది’. బజ్జీ తిన్నవాడి చేత ‘అద్భుతం’ అనిపిస్తే వాడు హరికథ చెప్తున్నట్టుంటుంది.

ప్రశ్న: లంచ్ టైంలో నా పచ్చిపులుసు రుచి చూసి ఆఫీసులో ఒకాయన ‘ఆసమ్’ అన్నారు. ‘సేమ్ టు యూ’ అన్నాను. అందరూ నవ్వారు. ఎందుకు?
– ఉద్యోగిని, భువనగిరి

జవాబు: ‘సేమ్ టు యూ’ శుభాకాంక్షలకు జవాబు. ఆయన మెచ్చుకున్నది పులుసును, మీరు తిరిగి మెచ్చుకున్నది ఆయనను. ‘థాంక్యూ’ అంటే చాలు. ఇంకో గరిటె పోసినా చాలు.